మసాన్ ఖిడికీ

చాందా కోటగోడకు
నాలుగు దర్వాజలు, అయిదు ఖిడికీలు.
తొమ్మిదింటికీ పేర్ల బోర్డులని లెక్క రాసిచ్చిన.
ధోటే సాయెబు చూసి చూసి
ఎర్రపెన్నుతోటి ఒకటి గీకేసిండు.
"మసాన్ ఖిడికీ వద్దు, పోశెట్టీ.
ఊరు చూడవచ్చినోళ్లకు పీనుగుల తొవ్వ ఎందుకు?"

జట్‌పురా దర్వాజ కాడ నిచ్చెనేసిన.
పైన రాతి సింహం, దాని కాళ్ల కింద ఏనుగు.
ఆటోలు, బొగ్గులారీలు, బడిపిల్లల రిక్షాలు
అన్నీ ఆ కాళ్ల కిందికెల్లే.
ఎన్నేండ్ల సంది తొక్కుతున్నదో,
ఏనుగైతే ఇంకా కూలలే.
"మా రాజులది" అన్నది ఆత్రంబాయి,
సీతాఫలాల గంప దించుకుంట.
గొప్ప చెప్పుకున్నట్టు గాదు,
కిరాయికిచ్చిన ఇల్లు చూపెట్టినట్టు.

నా అలవాటొకటున్నది.
తెల్లపూత ఆరినంక
పెన్సిల్‌తోటి ముందుగాల తెలుగుల రాసుకుంట.
ఏ అక్షరం ఎంత జాగ తింటదో
నా చేతికి ఆ గుండ్రాలల్లనే తెలుస్తది.
తుడవ. వాటి మీదనే మరాఠీ గీత గుంజుత,
ఆ తీగకు అక్షరాలు తడిబట్టలోలె వేలాడుతయి.
అడుగున నావి గవ్వలోలె పండుకుంటయి.
బాబుపేటల మూడో తరం మాది.
తాత మంథని దిక్కుకెల్లి బొగ్గుకని వచ్చిండట.
నా బిడ్డ పుష్పలతకు తెలుగు మాట వచ్చు,
రాత రాదు.

లాల్‌పేట కాడ చెయ్యాగింది.
గుడి లేదు. ఉత్త రాతి దేవుళ్లు, బయట.
ఎవలో కోమటాయన చెక్కియ్యవట్టిండట,
గోడ లేవకముందే పాణం పోయిందట.
"మనోడే" అనేటోడు మా అయ్య.
సాక్ష్యమేందే అంటె
"కోమటి అంటున్నరు గద, ఇంకేం గావాలె?"
రెండో షిఫ్టు దిగి, మసి మొకంతోటి
పది తలల తల్లి పక్కన కూసోని
సద్దిడబ్బా విప్పేటోడు.
ఆమె ఎల్లెలుకల పండుకోని
మొగులు దిక్కు చూసుకుంట ఉండేది.
పిల్లలు రావణుడంటరు, పెద్దలు దుర్గంటరు,
ఆమె ఏమనది.
"నిలవెట్టకపోవుడే నయమైంది బిడ్డా,
నిలవెడితే మనల పక్కకు రానిస్తుండిరా?"

కాయిదంల "అపూర్ణ దేవాలయం" అని ఉన్నది.
నేను పెన్సిల్‌తోటి
"మా అయ్య తిన్న జాగ" అని రాసుకున్న.
పైన రంగు వేసుకుంట చూస్తె
అక్షరానికి అక్షరం, ఏడుకు ఏడు.
ఒక్కటి ఎక్కువ గాలే, తక్కువ గాలే.
కొద్దిసేపు నిచ్చెన మీదనే కూసున్న.

రాణి తన రాజుకు కట్టిచ్చిన సమాధి కాడ
కావలాయన మడావి చాయ తాపిచ్చిండు.
"రాజుకు గుమ్మటం, మాకు మునిసిపాలిటి పర్చీ" అన్నడు.
నవ్వినం. బోర్డు వంకర వచ్చింది.
ఇప్పటికీ వంకరనే ఉన్నది.

ఎనిమిది అయినయి.
డబ్బా అడుగున నాలుగు వేళ్ల రంగు మిగిలింది,
ఇంట్ల ఒక పాత రేకుముక్క ఉండె.
పొద్దుగూకినంక మసాన్ ఖిడికీ కాడికి పోయిన.
తొవ్వకడ్డం మేక పండుకున్నది, లేవలే.
ఆ ఖిడికీ ఎత్తు తక్కువ.
మోసేటోళ్లు వంగాలె.
పైనున్నోడొక్కడే వంగడు.
మా అయ్యను తీస్కపోయిననాడు
నా భుజం రాతికి గీసుకపోయింది,
ఆ మచ్చ మీద ఇప్పుడు రంగుమరక ఉన్నది.

రేకు మీద పెన్సిల్‌తోటి రాసిన.
ఆ గుండ్రాల మీదికెల్లే కుంచె తిప్పిన.
మరాఠీకి రంగు సాలలే.
సాలలే అనే చెప్తున్న.

వారం దినాలకు ధోటే సాయెబు
గోడెంబడి తనిఖీకొచ్చి నిలవడ్డడు.
"ఇదేంది? ఏం రాసినవ్ దీని మీద?"
ఆయనకు తెలుగు రాదు.
"తల భద్రం, వంగి పోవాలె అని, సాయెబూ."
ఆయన ఒకపారి పైకి చూసిండు,
ఫైలు చంకల వెట్టుకోని
వంగి
అవుతలికి పోయిండు.